పేగు ముక్కలో మాస్ట్ కణాన్ని పట్టుకోవడం ఎలా?

ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టుకి ఫార్మలిన్ సీసాతో వెళ్ళేవాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే. మొదటిసారి అడిగినప్పుడు కొట్టు బాబాయ్ "ఆయ్, బోటీ కడిగి ఇమ్మంటారాండీ?" అన్నాడు. వద్దు బాబాయ్, కడగొద్దు అన్నాను. వేడి తగ్గకముందే జానెడు చిన్నపేగు, నాలుక చివర చిన్న ముక్క, అంతే. ఇది కూరకి కాదని తెలిశాక నన్ను అదోలా చూశాడు గానీ, ఆ రోజు నుంచి మేక కోసిన వెంటనే ఫోన్ మాత్రం చేస్తాడు.

ఒంట్లోంచి తీసిన ముక్కలను మైక్రోస్కోపులో పరీక్షించే హిస్టోపథాలజీ ల్యాబులో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి, ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదివే పిల్లలకి, మొదటి ఏడాది పీజీలకి నేను నేర్పించే పని ఇక్కడ రాస్తున్నాను. కోనసీమ కాలువ గట్టు మీద ఉన్న చిన్న ల్యాబులో, కరెంటు పోతూ వస్తూ ఉండగా చేసిన పని. పెద్ద ఊళ్ళో ఆటోమేటిక్ మెషిన్లు ఉన్నవాళ్ళకి కొన్ని సంగతులు చాదస్తంగా అనిపించొచ్చు.

మీరు వెతికేది ఏమిటో ముందు మనసులో పెట్టుకోండి. మాస్ట్ కణం రోగనిరోధక కణం. ఒంట్లో చర్మం, ఊపిరితిత్తులు, పేగు, అంటే బయటి ప్రపంచం తగిలే ప్రతి చోటా కాపలా కాస్తుంటుంది. దాని కడుపు నిండా రేణువులే. ఆ రేణువుల్లో హిస్టమిన్, హెపారిన్, వాటితో పాటు ట్రిప్టేజ్, కైమేజ్ అనే ఎంజైములు ఉంటాయి. 1878లో పాల్ ఎర్లిక్ డాక్టరేటు విద్యార్థిగా ఉండగా రంగులు వేసి ఈ కణాన్ని చూసి, బాగా మేసి బలిసింది అనుకుని జర్మన్‌లో 'మేత' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ రేణువులు అది తిన్నవి కావనీ, అదే తయారు చేసుకున్నవనీ తర్వాత తేలింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మనిషి పేగులో ఇవి రెండు రకాలు. లోపలి పొరలో, అంటే మ్యూకోసాలో, ఎక్కువగా ట్రిప్టేజ్ ఒక్కటే ఉన్నవి. దాని కింద సబ్‌మ్యూకోసాలో ఎక్కువగా ట్రిప్టేజ్, కైమేజ్ రెండూ ఉన్నవి. ఎండోస్కోపీలో వచ్చే ముక్క దాదాపు అంతా మ్యూకోసానే కాబట్టి మీ చేతికి దొరికేవి మొదటి రకమే. ఈ ఒక్క మాట గుర్తుంటే తర్వాత వచ్చే సగం చిక్కులు అర్థమవుతాయి.

సీసా దగ్గర

రంగు పట్టలేదు అని నా దగ్గరకొచ్చే పది స్లైడుల్లో తొమ్మిదింటికి తప్పు రంగులో ఉండదు, ముక్కను చెడకుండా నానబెట్టే ఫార్మలిన్ సీసా దగ్గర ఉంటుంది. పేగు మిగతా అవయవాల్లాంటిది కాదు. జీర్ణరసాలు దానిలోనే ఉన్నాయి, సూక్ష్మజీవులూ దానిలోనే ఉన్నాయి. రక్తం ఆగిన క్షణం నుంచి తనను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. మే నెలలో మన గదుల వేడికి ఇంకా తొందర. ముక్కను గాజుగుడ్డలో చుట్టి "డాక్టరు గారు రాగానే వేద్దాం" అని టేబుల్ మీద పెట్టారంటే, రేపు సూక్ష్మదర్శినిలో విల్లైల, అంటే పేగు లోపలి గోడ మీద వేళ్ళలా ఉండే మొలకల, చివర్లు ఊడిపోయి కనిపిస్తాయి. అప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు.

బఫర్ వేసిన 10 శాతం ఫార్మలిన్ మీరే కలుపుకోండి. బజారులో దొరికే గాఢ ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఫాస్ఫేట్లు ఎందుకంటే, ఫార్మలిన్ నిలవ ఉన్నకొద్దీ మెల్లగా ఫార్మిక్ ఆమ్లం తయారై పులిసిపోతుంది. పులిసిన ఫార్మలిన్‌లో వేసిన ముక్కలో రక్తం ఉన్న చోటల్లా నలుపు గోధుమ రంగు మసి దిగుతుంది. కొత్తవాళ్ళు ఆ మసినే రేణువులు అనుకుని లెక్కపెట్టిన సందర్భాలు నేను చూశాను.

ముక్క ఎంత ఉందో దానికి కనీసం పదింతల ఫార్మలిన్ ఉండాలి. బయాప్సీ ముక్కలకు 6 గంటల నుంచి ఒక రోజు చాలు. శనివారం సాయంత్రం వేసి మంగళవారం తియ్యడం మంచి పద్ధతి కాదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. మ్యూకోసాలోని మాస్ట్ కణాలు ఫార్మలిన్ తగిలాక టోలుడిన్ బ్లూ రంగును సరిగా పట్టవు. చర్మంలో, నాలుకలో ఉన్నవి చక్కగా పడతాయి. ఈ తేడాను 1966లోనే ఎనర్‌బ్యాక్ ఎలుక పేగుల మీద చూపించాడు. కార్నాయ్ ద్రవంలో నానబెడితే మ్యూకోసా కణాలూ రంగు పడతాయి. ఆల్కహాల్ 60 పాళ్ళు, క్లోరోఫాం 30, గ్లేషియల్ అసిటిక్ ఆసిడ్ 10. చిన్న ముక్కకి రెండు మూడు గంటలు చాలు. తర్వాత నీళ్ళు తగలనివ్వకుండా నేరుగా అబ్సల్యూట్ ఆల్కహాల్‌లోకి. సీసా గాజుదే కావాలి, క్లోరోఫాం కొన్ని ప్లాస్టిక్కులను కరిగించేస్తుంది. ఇంకో సంగతి, కార్నాయ్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. స్లైడులో అవి కనిపించకపోతే కంగారు పడకండి.

మేక పేగు ఇందుకే తెమ్మంటాను. జానెడు పేగును రెండు ముక్కలు చేసి ఒకటి ఫార్మలిన్‌లో, ఒకటి కార్నాయ్‌లో వేసి, ఒకే రోజు ఒకే రంగు వేసి పక్కపక్కన పెట్టుకుని చూడండి. పుస్తకంలో పదిసార్లు చదివినా ఎక్కనిది ఆ రెండు స్లైడులతో ఎక్కుతుంది. మన వైపు మేకలకి, గొర్రెలకి కడుపులో పురుగులు మామూలే. అందుకని విల్లైల పైపొరలోకి దూరిపోయిన పెద్ద పెద్ద ఎర్రటి బుడగల కణాలు కూడా దొరుకుతాయి. వాటిని గ్లాబ్యూల్ ల్యూకోసైట్లు అంటారు. అవీ మ్యూకోసా మాస్ట్ కణాల సంతతేనని చెబుతారు.

రోగుల ముక్కల విషయంలో మాత్రం కార్నాయ్ ప్రయోగాలు చెయ్యకండి. వాళ్ళ బయాప్సీ మీద ఇంకా చాలా పరీక్షలు చెయ్యాల్సి రావచ్చు, వాటిలో చాలావాటికి ఫార్మలినే కావాలి.

కోత

దీని గురించి ఎక్కువ చెప్పను. ముక్కను మైనంలో పోతపోసిన బ్లాకు నుంచి కోసే పలచని పొరే సెక్షను, అది 3 నుంచి 4 మైక్రాన్లు. ముక్క నిలువుగా కూర్చోవాలి, విల్లై చివర నుంచి మజిల్ దాకా ఒకే చూపులో కనిపించాలి. నీళ్ళ తొట్టి 45 డిగ్రీల దగ్గర. ఒకదాని తర్వాత ఒకటిగా కనీసం ఐదు స్లైడులు తీసి, ఒకటి హెచ్ అండ్ ఈకి (హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే మామూలు రంగులు), ఒకటి టోలుడిన్ బ్లూకి, ఒకటి ట్రిప్టేజ్ యాంటీబాడీకి (ట్రిప్టేజ్‌ని వెతికి అతుక్కునే ప్రొటీన్), ఒకటి నెగటివ్ కంట్రోల్‌కి (యాంటీబాడీ వెయ్యకుండా పోల్చి చూసే స్లైడు), ఒకటి చేతిలో మిగులు. యాంటీబాడీ వేసే వాటికి ఛార్జ్ ఉన్న స్లైడులే వాడండి. మామూలు స్లైడు మీద పెడితే సెక్షన్లు మరిగే బఫర్‌లో లేచి కాగితం పడవల్లా తేలతాయి. వేసవిలో మైనం మెత్తబడి రిబ్బను ముడతలు పడితే బ్లాకును ఐసు మీద బోర్లించండి. రొయ్యల కోసం ఊరూరా ఐసు ఫ్యాక్టరీలు పెట్టిన ప్రాంతం మనది, దానికి మాత్రం లోటు లేదు.

ముందు హెచ్ అండ్ ఈ స్లైడు, అదీ తీరిగ్గా

ప్రత్యేక రంగు స్లైడు ముందుగా చూడాలనే తొందర అందరికీ ఉంటుంది. వద్దు. మామూలు స్లైడులో మాస్ట్ కణాన్ని మీరు నమ్మకంగా గుర్తుపట్టలేరు, నిజమే. మధ్యలో ఒకే ఒక గుండ్రటి కేంద్రకం, చుట్టూ వెలిసిపోయిన బూడిద గులాబీ రంగు. ఉన్నా లేనట్టే ఉంటుంది. ఈ స్లైడు చూసేది దాన్ని కనిపెట్టడానికి కాదు, మిగతావాళ్ళు ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో తెలుసుకోవడానికి. పెళ్ళివారింట్లో దొంగను పట్టాలంటే ముందు చుట్టాలెవరో తెలియాలిగా.

ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణంతో మొదలుపెట్టండి. ఇటుక రంగు రేణువులు, కళ్ళజోడులా రెండు తమ్మెల కేంద్రకం. దానిలో పెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మన కొంప ముంచేది అదే. అన్నవాహికలో మామూలుగా ఇవి ఉండవు. అక్కడ ఒక హై పవర్ ఫీల్డులో (40 రెట్ల ఆబ్జెక్టివ్‌లో ఒకేసారి కనిపించే గుండ్రటి మేర) 15 లేదా అంతకంటే ఎక్కువ కనిపిస్తే డాక్టరు గారికి చెప్పి తీరాలి. పేగులో మాత్రం మామూలుగానే ఉంటాయి, సీకమ్ (పెద్దపేగు మొదలు) వైపు ఎక్కువ. పురుగులు, ఫైలేరియా ఉన్న మన ప్రాంతంలో ఇయోసినోఫిల్ పాత కాపు. ఫైలేరియాకి నేటికీ పంచుతున్న డీఈసీ మందు వెనక ఉన్న ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది మన భీమవరంలోనే.

తర్వాత పానెత్ కణం. చిన్నపేగు క్రిప్టుల (పైపొర లోపలికి దిగిన గుంటల) అడుగున, గూటిలో పిట్టల్లా గుంపుగా ఉంటాయి. వీటి రేణువులూ ఎర్రగానే ఉంటాయి, వీటిలోనూ లైసోజైమ్ అనే ఎంజైము ఉంటుంది. తేడా ఏమిటంటే రేణువులన్నీ క్రిప్టు మధ్యలోని ఖాళీ వైపు ముఖం పెట్టుకుని ఉంటాయి, కేంద్రకం అడుగుకి నెట్టేసి ఉంటుంది. ఇవి పైపొరలో భాగం. మాస్ట్ కణం మామూలుగా ఉండేది పైపొరకు కింద, క్రిప్టుల మధ్య సందుల్లో.

న్యూట్రోఫిల్‌కి మూడు నాలుగు తమ్మెల కేంద్రకం. ప్లాస్మా కణానికి కేంద్రకం ఒక పక్కకి ఒరిగి బండిచక్రం ఆకుల్లా ఉంటుంది, పేగులో వీటి మందే ఎక్కువ. మాక్రోఫేజ్ ఏదో ఒకటి మింగి ఉబ్బి ఉంటుంది. పెద్దపేగు మాక్రోఫేజ్‌లో గోధుమ రంగు చెత్త కనిపిస్తే ఆ రోగి ఏళ్ళ తరబడి విరేచనం అవ్వడానికి మాత్రలు వాడుతున్నాడేమో కనుక్కోండి.

ఎర్ర రక్తకణం దాదాపు 7 మైక్రాన్లు. స్కేలు లేకపోతే అదే స్కేలు. మాస్ట్ కణం దానికి ఒకటిన్నర, రెండింతలు ఉంటుంది.

టోలుడిన్ బ్లూ

ఇది పాత రంగు, చవక రంగు, నాకు ఇష్టమైన రంగు. నీలం రంగే వేస్తారు, కానీ మాస్ట్ కణం మాత్రం వంగపండు రంగులో మెరుస్తుంది. హెపారిన్ నిండా సల్ఫేట్ గుంపులు ఉంటాయి. వాటి మీద రంగు అణువులు పీటల మీద పెళ్ళిభోజనానికి కూర్చున్నట్టు ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుంటాయి. అలా దగ్గరయ్యేసరికి నీలం కాస్తా ఎర్ర ఊదా అవుతుంది. ఇక్కడ రంగు పట్టేది హెపారిన్‌కే, ఎంజైముకి కాదు. ట్రిప్టేజ్ మాత్రం రేణువులో ఆ హెపారిన్‌ని అంటిపెట్టుకునే ఉంటుంది. పెట్టెకి రంగు వేసి లోపల నగ ఉందని చెప్పడం లాంటిది ఇది.

చేసే పద్ధతి ఇది.

టోలుడిన్ బ్లూ 1 గ్రామును 70 శాతం ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లలో కరిగించండి. ఇది నిలవ సీసా. సోడియం క్లోరైడ్ 1 శాతం ద్రావణం ఏ రోజుకారోజు చేసుకుని, హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్కలు చుక్కలుగా వేసి పీహెచ్ 2.3 దగ్గర ఆపండి. దీనిది 45 మిల్లీలీటర్లు, నిలవ సీసాలోంచి 5 మిల్లీలీటర్లు కలిపితే రంగు సిద్ధం. వాడేశాక పారబొయ్యండి, రేపటికి దాచకండి.

మైనం తీసి నీళ్ళ దాకా తెచ్చిన స్లైడును దానిలో 2 నుంచి 3 నిమిషాలు ఉంచండి. డిస్టిల్డ్ వాటర్ మూడు సార్లు మార్చి కడగండి. తర్వాత 95 శాతం ఆల్కహాల్‌లో పది ముంపులు, అబ్సల్యూట్‌లో రెండుసార్లు పదేసి ముంపులు, జైలీన్, మౌంటింగ్. ఆల్కహాల్ దగ్గర ఫోన్ ఎత్తకండి. అక్కడ ఆలస్యమైతే వంగపండు రంగు వెలిసిపోయి అంతా నీలమే మిగులుతుంది.

పీహెచ్ దగ్గర ఎందుకింత పట్టుదల అంటే, 2.5 దాటిందంటే కేంద్రకాల్లోని ఫాస్ఫేట్లూ, మిగతా ఆమ్ల గుంపులూ రంగు లాక్కోవడం మొదలుపెడతాయి. వెనక తెర ముదిరిపోతుంది, మాస్ట్ కణం దానిలో కలిసిపోతుంది. ఒక వేసవిలో పదిహేను రోజుల పాటు మా స్లైడులన్నీ అలాగే వచ్చాయి. రంగు సీసా మార్చాం, ఆసిడ్ మార్చాం, ఫలితం లేదు. చివరికి తేలింది ఏమిటంటే, కాలువలు కట్టేసిన రోజులు కావడంతో డిస్టిల్డ్ వాటర్ డబ్బా అయిపోతే కుర్రాడు బోరు నీళ్ళు పోస్తున్నాడు. అంతర్వేది వైపు సముద్రం దగ్గరి ఊళ్ళ బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటేనే తెలుస్తుంది, ఆ ఉప్పుతో, ఆ సున్నంతో ఏ రంగు నిలుస్తుంది? అప్పటి నుంచి పీహెచ్ మీటరు పక్కనే 4.0 బఫర్ పెట్టి, రోజూ పొద్దున దానిలో ముంచి చూశాకే పని మొదలుపెడుతున్నాం.

స్లైడులో ఊదా కనిపించిన ప్రతిదీ మాస్ట్ కణం కాదు. పెద్దపేగులో గోబ్లెట్ కణాల జిగురులో కూడా సల్ఫేట్ ఉంటుంది, అదీ ఊదాగానే మెరుస్తుంది. అది క్రిప్టు గోడలో, గ్లాసు ఆకారంలో, రేణువులు విడిగా కనపడకుండా ముద్దగా ఉంటుంది. మాస్ట్ కణంలో ఫోకస్ పైకీ కిందకీ తిప్పుతుంటే నీలి కేంద్రకం చుట్టూ ఆవాల్లా రేణువులు విడివిడిగా కనిపించి మాయమవుతాయి. ఆ తిప్పడం అలవాటు చేసుకోండి. కదలని ఫొటో చూసి ఈ కణాన్ని నేర్చుకోవడం కష్టం.

ఎప్పుడు వేసినా నాలుక ముక్క స్లైడు ఒకటి పక్కన పడాలి. దానిలో కండరాల మధ్య మాస్ట్ కణాలు పుష్కలంగా ఉంటాయి. నాలుకలో మెరిసి రోగి ముక్కలో మెరవకపోతే రంగు మంచిదే, ఫార్మలిన్ మాయో నిజంగా కణాలు లేకపోవడమో ఆలోచించాలి. నాలుకలోనే మెరవకపోతే ఆ రోజు స్లైడులన్నీ మళ్ళీ వెయ్యడమే.

ట్రిప్టేజ్ యాంటీబాడీ

పెట్టెను కాకుండా నగనే పట్టుకోవాలంటే ఇదే దారి. ఫార్మలిన్ ముక్కల మీద కూడా మ్యూకోసా కణాలను చూపిస్తుంది. టోలుడిన్ బ్లూలో మూడు కనిపించిన చోట ట్రిప్టేజ్‌లో పదిహేను కనిపించినా ఆశ్చర్యపోవద్దు. సీడీ 117 అనే ఇంకో యాంటీబాడీ కూడా మాస్ట్ కణాలను పడుతుంది గానీ, పేగు కండరాల్లో కహాల్ కణాలనీ (పేగు కదలికను నడిపేవి) పడుతుంది. అందుకని పేగులో ట్రిప్టేజే నా మొదటి ఎంపిక. మనిషి ట్రిప్టేజ్ మీద చేసిన యాంటీబాడీ మేక ముక్కలో పని చేస్తుందని నమ్మకండి, ఇక్కడ సాధనకి అపెండిక్స్ ముక్క వాడాలి.

మెట్లు ఏ ల్యాబులోనైనా ఇంచుమించు ఒకటే. మైనం తియ్యడం, యాంటీజెన్ రిట్రీవల్ (ఫార్మలిన్ కప్పేసిన ఎంజైమును బఫర్‌లో మరిగించి బయటపెట్టడం), 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 10 నిమిషాలు, కడగడం, యాంటీబాడీ, కడగడం, ఆ యాంటీబాడీకి అతుక్కునే, పెరాక్సిడేజ్ తగిలించిన పాలిమర్, కడగడం, గోధుమ రంగు ఇచ్చే డీఏబీ, లేత హిమటాక్సిలిన్. రిట్రీవల్ ఏ బఫర్‌లో, యాంటీబాడీ ఎంత పలచన, ఎంతసేపు అన్నవి సీసాతో వచ్చిన కాగితంలో ఉన్నట్టే మొదలుపెట్టి, కంట్రోల్ చూసుకుంటూ సవరించుకోండి. పక్క ల్యాబు వాళ్ళ లెక్క మీకు కుదరదు. సెక్షను ఎండిపోనివ్వకండి. ఫ్యాన్ కింద తెరిచి పెడితే అంచులు ఎండి గోధుమ రంగు గీత కడతాయి. మూతపెట్టిన డబ్బాలో తడి దూది వేసి దానిలో స్లైడులు పరచండి.

ఇప్పుడు ఆ పెరాక్సైడ్ మెట్టు. చివర్లో వచ్చే గోధుమ రంగు డీఏబీ మీద పెరాక్సిడేజ్ పని చెయ్యడం వల్ల వస్తుంది. ఆ పెరాక్సిడేజ్ మనం తగిలించిందే అయ్యుండాలి. కానీ ఇయోసినోఫిల్ దగ్గర సొంత పెరాక్సిడేజ్ ఉందని చెప్పాను కదా. మైనంలో ఉడికినా అది చావదు. ముందే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో దాని నోరు మూయించకపోతే, యాంటీబాడీతో సంబంధం లేకుండా ఇయోసినోఫిల్స్ అన్నీ కాఫీ పొడి రంగులోకి తిరుగుతాయి.

నేను అలాగే బోల్తా పడ్డాను. చాలా ఏళ్ళ కిందట, అప్పుడు వేరే చోట పని చేస్తున్నాను. డ్యూయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) బయాప్సీ ఒకటి వచ్చింది. ట్రిప్టేజ్ వేస్తే ఫీల్డుకి నలభై గోధుమ కణాలు. పొంగిపోయి మాస్ట్ కణాలు విపరీతం అని చీటీ రాసి మేడమ్ గారి టేబుల్ మీద పెట్టాను. ఆవిడ చీటీ చదవలేదు. హెచ్ అండ్ ఈ స్లైడు పక్కన పెట్టుకుని అదే క్రిప్టు, అదే మూల వెతికి, "నువ్వు లెక్కపెట్టినవాటికి కళ్ళజోళ్ళున్నాయి, చూశావా?" అన్నారు. చూశాను. రెండేసి తమ్మెలు. నెగటివ్ కంట్రోల్ ఏదీ అన్నారు. యాంటీబాడీ వెయ్యని ఆ ఒక్క స్లైడూ డీఏబీ ఆదా చేద్దామని నేను మానేశాను. మర్నాడు వేస్తే, యాంటీబాడీ లేకుండానే అవన్నీ గోధుమ రంగులోకి వచ్చాయి. పెరాక్సైడ్ సీసా మూత సరిగ్గా పడక, ఏసీ లేని గదిలో అదంతా ఎప్పుడో నీరైపోయింది. కొత్త సీసాతో మళ్ళీ వేస్తే మిగిలిన అసలు మాస్ట్ కణాలు ఫీల్డుకి పది లోపే. ఆ రోగికి మలపరీక్షలో కొంకిపురుగు గుడ్లు దొరికాయి.

అందుకని పెరాక్సైడ్ వాడేముందు పచ్చి బంగాళాదుంప చెక్క మీద ఒక చుక్క వేసి చూడండి. చురుగ్గా నురగ వస్తే బతికి ఉన్నట్టు. నెగటివ్ కంట్రోల్ మాత్రం ప్రతి బ్యాచిలోనూ వెయ్యాలి, దానికి మినహాయింపు లేదు.

ఇంకో పాత పద్ధతి ఉంది, క్లోరోఅసిటేట్ ఎస్టరేజ్, లెడర్ రంగు అంటారు. యాంటీబాడీ ఎంజైము ఒంటిని గుర్తుపడితే, ఇది ఎంజైము ఇంకా పని చేస్తోందా అని చూస్తుంది. మాస్ట్ కణాలు ఎర్రగా వస్తాయి, న్యూట్రోఫిల్స్ కూడా వస్తాయి. కేంద్రకం చూసి విడదియ్యాలి. యాంటీబాడీ కొనే డబ్బు లేని చోట పనికొస్తుంది.

డీఏబీ వాడాక మిగిలిన ద్రవం సింకులో పొయ్యకండి. క్యాన్సరు కలిగించవచ్చని అనుమానం ఉన్న రసాయనం అది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి ఈ డెల్టాలో కాలువ నీళ్ళే చెరువులో పడతాయి, చెరువు నీళ్ళే కుళాయిలో వస్తాయి. విడిగా క్యానులో పోసి, పేరు రాసి, బయోమెడికల్ వ్యర్థాలు తీసుకెళ్ళేవాళ్ళకి అప్పగించండి. జైలీన్, ఫార్మలిన్ కూడా అంతే.

లెక్క

కేంద్రకం కనిపించిన గోధుమ కణాన్నే లెక్కపెట్టండి. కేంద్రకం లేని తునకలు, చుట్టూ చెదిరిన గోధుమ మసక లెక్కలోకి రావు. ఆ మసక కణం రేణువులు విసిరేసిందని చెబుతుందే గానీ, ఎన్ని కణాలో చెప్పదు.

'ఫీల్డుకి ఇన్ని' అని రాసేముందు మీ ఐపీస్ తీసి పక్కన రాసిన అంకె చూడండి. 18 అని ఉంటే 40 రెట్ల ఆబ్జెక్టివ్‌తో ఫీల్డు అడ్డుకొలత 0.45 మిల్లీమీటర్లు, వైశాల్యం 0.159 చదరపు మిల్లీమీటర్లు. 22 అని ఉంటే అడ్డుకొలత 0.55, వైశాల్యం 0.238. ఫీల్డుకి 20 కణాలు అని ఇద్దరూ రాశారనుకోండి. పాత మైక్రోస్కోపు వాడి లెక్కలో చదరపు మిల్లీమీటరుకి 126, కొత్తదానివాడికి 84. ఇద్దరూ నిజమే చెప్పారు, రోగి మాత్రం మారిపోయాడు. అందుకని చదరపు మిల్లీమీటరు లెక్క పక్కన రాయండి. ఎన్ని ఫీల్డులు చూశారో, సగటు రాశారో ఎక్కువ ఉన్న చోటు రాశారో అదీ రాయండి.

ఎంత ఉంటే ఎక్కువ? ఫీల్డుకి 20 దాటితే ఎక్కువ అనే అంకె కొందరు వాడతారు. ఏ బాధా లేని మనుషుల పేగుల్లో కూడా ఆ అంకె దాటడం కనిపిస్తుంది కాబట్టి, అంకె ఒక్కటే చూసి జబ్బు పేరు రాయడాన్ని నేను ఒప్పుకోను. చూడాల్సింది కూర్పు. విడివిడిగా చల్లినట్టు ఉన్నాయా, గుంపు కట్టాయా? ఒకేచోట 15 లేదా అంతకంటే ఎక్కువ దట్టంగా ముద్దకట్టి ఉన్నా, గుండ్రంగా ఉండాల్సినవి కదురులా సాగి ఉన్నా, అది సిస్టమిక్ మాస్టోసైటోసిస్ (మాస్ట్ కణాలు ఒంట్లో అదుపు లేకుండా పెరిగే జబ్బు) కావచ్చు. అప్పుడు అదే బ్లాకు మీద సీడీ 25 యాంటీబాడీ వెయ్యాలి. మామూలు మాస్ట్ కణం దాన్ని పట్టదు. కిట్ జన్యువులో డీ816వీ మార్పు పరీక్ష, రక్తంలో ట్రిప్టేజ్ పరీక్ష డాక్టరు గారు చూసుకుంటారు. ముద్ద కనిపించిందని అదే రోజు ఫోన్ చేసి చెప్పడం మీ పని.

చీటీలో నేను రాసే వరుస ఇది: ముక్క ఎక్కడిది, ఏ ద్రవంలో ఎన్ని గంటలు నానింది, ఏ రంగులు వేశాం, కంట్రోళ్ళు రెండూ సరిగా వచ్చాయా, కణాలు ఏ పొరలో ఉన్నాయి, చల్లినట్టా గుంపుగానా, చదరపు మిల్లీమీటరుకి ఎన్ని, ఇయోసినోఫిల్స్ సంగతి. టోలుడిన్ బ్లూ స్లైడు వెలిసిపోయే గుణం ఉన్నది, ఫొటో ఆ రోజే తీసి పెట్టుకోండి.

కంట్రోల్ కోసం ఒక మంచి అపెండిక్స్ బ్లాకును విడిగా దాచుకోండి. ఏ సర్జరీ ఆసుపత్రి నుంచైనా వారానికొకటి వస్తుంది. రిపోర్టు అయిపోయి, దాచాల్సిన గడువు దాటినవాటిలోంచి, ల్యాబు పెద్దవాళ్ళ అనుమతితో తీసుకోండి. మ్యూకోసా, సబ్‌మ్యూకోసా, కండరం, ఇయోసినోఫిల్స్, మాస్ట్ కణాలు అన్నీ ఒకే ముక్కలో ఉంటాయి. రేకుల కప్పు కింద బీరువాలో మాత్రం పెట్టకండి, మే నెలలో బ్లాకులు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. దానిలో ఇంకో ఇరవై సెక్షన్లు మిగిలి ఉండగానే రెండో అపెండిక్స్ వెతికి, పాతదీ కొత్తదీ ఒకే స్లైడు మీద పక్కపక్కన ఎక్కించి, ఒకేసారి రంగు వేసి చూడండి. రెండూ ఒకేలా మెరిస్తేనే పాతదాన్ని మార్చండి.